యాదృచ్ఛిక కలన గణిత పరీక్షయు మాతృభాషా వచనమును

భాషాశాఖ వెలువరించు పరిశోధన పత్రికలో గణితశాస్త్ర పరీక్షను గూర్చిన వ్యాసమేమని కొందఱు పాఠకులు శంకింపవచ్చును. ఆ శంక సహజమైనదే. కాని విశ్వవిద్యాలయములలో భాషయు శాస్త్రమును వేర్వేఱు భవనములలో నుండుటచేత అవి విద్యార్థి బుద్ధిలో కూడ వేర్వేఱు గదులలో నుండునని భావించుట యుక్తము కాదు. పరీక్షకు కూర్చున్న విద్యార్థి ఒక్కడే. అతడు ఆలోచించు భాషయు, ఉత్తరము వ్రాయు భాషయు, గణిత సంకేతముల భాషయు ఆ ఒక్క బుద్ధిలోనే కలిసికొనవలసి యున్నవి. ఆ మూడింటి నడుమ దారి లేనప్పుడు కలుగు నష్టమెట్టిదో చూపుటకై యాదృచ్ఛిక కలన గణితమును ఉదాహరణముగ గ్రహించుచున్నాను. ఇంగ్లీషున దీనిని స్టొకాస్టిక్ కాల్‌క్యులస్ అందురు. గణిత, సంఖ్యాశాస్త్ర శాఖలలో ఎమ్మెస్సీ స్థాయిన బోధింపబడు ఈ విషయము కఠినమని పేరుపడినది. ఇట్టి కఠిన విషయమున పరీక్షకు సిద్ధమగునప్పుడు సయితము మాతృభాషలో వ్రాసికొనిన వచనమే ఉత్తమ సాధనమనియు, ఆ వచనమును తీర్చిదిద్దుట భాషాశాఖలకు విధ్యుక్తమనియు నా ప్రతిపాదనము.

మొదట విషయ స్వరూపమును చెప్పవలయును. మనము కళాశాలలో నేర్చు కలన గణితము నునుపైన వక్రరేఖలకు సంబంధించినది. వక్రరేఖ ఎంత వంకరగ నున్నను దానిలో మిక్కిలి చిన్న భాగమును తీసికొని చూచినచో అది సరళరేఖవలె కనబడును. అవకలన, సమాకలనములకు ఈ లక్షణమే పునాది. 1827లో రాబర్ట్ బ్రౌన్ నీటిలో తేలు పుప్పొడిలోని సూక్ష్మకణములు ఎడతెగక అటునిటు కదలుటను సూక్ష్మదర్శినిలో పరిశీలించెను. 1900లో బషెల్యే పారిస్ నగరమున స్టాకు ధరల ఒడుదుడుకులను ఇట్టి చలనముగనే భావించి సిద్ధాంతగ్రంథమును వ్రాసెను. 1905లో ఐన్‌స్టయిన్ కణముల చలనమునకు భౌతిక కారణమును వివరించెను. 1923లో వీనర్ ఆ చలనమునకు గణితశాస్త్ర సమ్మతమైన రూపమును కల్పించెను. ఆ రూపము విచిత్రమైనది. ఆ దారి ఎచ్చటను తెగదు. ఐనను ఎచ్చటను దానికి స్పర్శరేఖను గీయుటకు వీలుపడదు. ఎంత చిన్న భాగమును తీసికొని పెద్దది చేసి చూచినను అందు మరల అంతే గరుకుదనము కనబడును. ఇట్టి దారులమీద కలన గణితమును నడపుట యెట్లు? ఈ ప్రశ్నకు జపాను దేశీయుడైన కియోసి ఇటో 1940 తరువాతి దశాబ్దమున సమాధానమును నిర్మించెను. నేడు పరీక్షలో అడుగబడునది ప్రధానముగ ఆ నిర్మాణమే.

ప్రశ్నపత్రములలో వచ్చు ప్రశ్నలు కొన్ని అందఱకును తెలిసినవి. బ్రౌనియన్ చలనపు వర్గము నుండి కాలమును తీసివేయగా మిగులునది మార్టింగేల్ అని నిరూపింపుము. ఇచ్చిన ప్రమేయమునకు ఇటో సూత్రమును వర్తింపజేయుము. స్టాకు ధరకు సంబంధించిన అవకల సమీకరణమును సాధింపుము. ఇటో సమాకలని వర్గపు సగటును గణింపుము. విద్యార్థులు ఇందులకు సిద్ధమగు పద్ధతియు అందఱకును తెలిసినదే. పోయిన సంవత్సరముల ప్రశ్నపత్రములను సేకరింతురు. సూత్రములను ఒక కాగితముమీద ఎక్కించి వల్లెవేయుదురు. లెక్కలను మూసలుగ విభజించి, ఏ ప్రశ్నకు ఏ మూస సరిపడునో గుర్తుపెట్టుకొందురు. ఈ పద్ధతి నిష్ఫలమని అనజాలను, మార్కులు వచ్చుచున్నవి. కాని ప్రశ్నను కొంచెము మార్చినచో, లేక మౌఖిక పరీక్షలో ఆచార్యుడు సూత్రములోని ఒక పదమును చూపి ఇది ఎచ్చటనుండి వచ్చినదని అడిగినచో, ఉత్తరము రాదు. ఏలయన ఆ విద్యార్థి సూత్రమును సంకేతముగ ఎఱుగునే గాని వాక్యముగ ఎఱుగడు.

ఇటో సూత్రమునే తీసికొందము. సాధారణ కలన గణితమున లేని ఒక అదనపు పదము ఇందు గలదు. అది ఎందులకు వచ్చినది? సంకేతములు లేకుండ తెలుగున ఇట్లు చెప్పవచ్చును. ఒక చతురస్రాకారపు పెరడు ఉన్నదనుకొనుడు. దాని భుజమును కొంచెము పెంచితిమి. వైశాల్యము ఎంత పెరిగినది? పాత భుజము పొడవునకు సమానమైన రెండు సన్నని పట్టీలు రెండు ప్రక్కల చేరినవి. మూలలో ఒక చిన్న చదరము చేరినది. పట్టీల వైశాల్యము పెంపునకు అనుపాతములో నుండును. మూల చదరపు వైశాల్యము పెంపు యొక్క వర్గము. సాధారణ కలన గణితమున పెంపు అత్యల్పమైన కొలది ఆ మూల చదరము లెక్కకు రానంత చిన్నదగును. కావున దానిని విడిచిపెట్టుదురు. బ్రౌనియన్ చలనమున భుజము అటునిటు ఎడతెగక కంపించును. ప్రతి కంపమునకును ఒక మూల చదరము ఏర్పడును. ఆ చదరములన్నియు ధనరాశులే. అవి ఒకదానినొకటి కొట్టివేయవు. వానినన్నిటిని కూడినచో మొత్తము సున్న కాదు. గడచిన కాలమునకు సమానమగును. విడిచిపెట్టదగని ఆ మూల చదరముల మొత్తమే ఇటో సూత్రములోని అదనపు పదము.

అంకెలలో చూచినచో ఇది మఱింత స్పష్టమగును. ఒక ఘడియ కాలమును ప్రమాణముగ తీసికొని 10,000 సమభాగములు చేసితిమనుకొనుడు. ఒక్కొక్క భాగములో చలనపు పరిమాణము, భాగము యొక్క వర్గమూలమును అనుసరించి, నూటిలో ఒకవంతు ప్రమాణములో నుండును. దిక్కును విడిచి పొడవులను మాత్రమే కూడినచో మొత్తము సుమారు 80 వచ్చును. కాలమును 10,00,000 భాగములు చేసినచో ఆ మొత్తము సుమారు 800 అగును. విభజించిన కొలది అది మేర లేక పెరుగును. పొడవుల వర్గములను కూడినచో రెండు సందర్భములలోను మొత్తము సుమారు 1 మాత్రమే. దారి పొడవు అనంతము. అడుగుల వర్గముల మొత్తము మితము. ఈ ఒక్క విషయమును తన మాటలలో వ్రాసికొనగల విద్యార్థి ఇటో సూత్రమును మఱచిపోజాలడు. మఱచినను తిరిగి నిర్మించుకొనగలడు. పరీక్షకు సిద్ధమగుట యనగా ఇట్లు పునర్నిర్మించు శక్తిని సంపాదించుటయే.

రెండవ ఉదాహరణము పదముల కలయికవలన కలుగు భ్రమకు సంబంధించినది. ఇంగ్లీషున వేరియన్సు, క్వాడ్రాటిక్ వేరియేషను అని రెండు భావములు గలవు. ధ్వనిసామ్యముచేతను, బ్రౌనియన్ చలన విషయమున రెండింటి విలువయు గడచిన కాలమే యగుటచేతను, విద్యార్థులు వానిని ఒకటిగ భావించుట కలదు. మొదటిదానికి తెలుగు పాఠ్యగ్రంథములలో విస్తృతి యను మాట గలదు. రెండవదానిని వర్గ విచరణము అందము. వేయిమంది బాటసారులు ఒకే చోటనుండి బయలుదేరిరి. ఒక ఘడియ గడచిన పిదప ఎవరెవరు ఎంత దూరమున నున్నారో చూచి ఆ దూరముల వర్గములకు సగటు కట్టినచో వచ్చునది విస్తృతి. ఒక్క బాటసారినే ఎన్నుకొని, అతని దారిని అతిసూక్ష్మమైన అడుగులుగ విడదీసి, అడుగు అడుగునకు దాని వర్గమును కూడుకొనుచు పోయినచో వచ్చునది వర్గ విచరణము. మొదటిది పలువురను చూచి చెప్పవలసినది. రెండవది ఒక్కనినే చూచి చెప్పదగినది.

రెండును వేఱని రూఢిగ తెలియుటకు ఇంకొక సందర్భము. బయలుదేరుటకు ముందు ప్రతి బాటసారియు ఒక నాణెమును ఎగురవేయుననుకొనుడు. బొమ్మ పడినచో అతడు తన అడుగులన్నిటిని రెట్టింపు చేయును. బొరుసు పడినచో ఉన్నచోటనే నిలిచియుండును. ఒక ఘడియకు అందఱ దూరముల వర్గముల సగటు 2. కాని ఏ ఒక్క బాటసారి దారియందును వర్గ విచరణము 2 కాదు. అది 4 కాని, 0 కాని అగును. ఈ నాలుగు వాక్యములను మాతృభాషలో వ్రాసికొనిన విద్యార్థి పరీక్షలో ఆ రెండు భావములను తారుమారు చేయడు. ఇంగ్లీషు నిర్వచనములు రెండింటిని కంఠస్థము చేసినవాడు చేయవచ్చును. ఏలయన కంఠస్థమైన నిర్వచనము తన పొరుగు నిర్వచనముతో తనకు గల భేదమును తానై చెప్పదు.

మూడవ ఉదాహరణమున వ్యాకరణమే మనకు తోడ్పడుచున్నది. ఇటో సమాకలనిని నిర్మించునప్పుడు కాలమును చిన్న భాగములుగ చేసి, ప్రతి భాగమునందును సమాకల్య ప్రమేయపు విలువను చలనపు పెంపుతో గుణింతురు. ఆ విలువను భాగపు ఆరంభమున గ్రహింపవలెనా, మధ్యమున గ్రహింపవలెనా, అంతమున గ్రహింపవలెనా? సాధారణ సమాకలనమున ఎచ్చట గ్రహించినను ఫలము ఒక్కటే. ఇచ్చట అట్లు కాదు. బ్రౌనియన్ చలనమును దానిమీదనే సమాకలించినచో, ఆరంభమున గ్రహించినప్పుడు చలనపు వర్గములో సగము నుండి కాలములో సగము తగ్గును. అంతమున గ్రహించినప్పుడు కాలములో సగము హెచ్చును. రెండింటి సగటును గ్రహించినచో వర్గములో సగము మాత్రమే నిలుచును. ఇటో ఆరంభ బిందువును స్వీకరించెను. స్ట్రటొనోవిచ్ పేర ప్రసిద్ధమైన సమాకలని సగటును స్వీకరించును. ఇటో ఎన్నికకు కారణమేమి? జూదరి పందెమును ఒడ్డిన పిదపనే పాచిక పడవలెను. పడిన పాచికను చూచి పందెమును ఒడ్డుట జూదము కాదు, మోసము.

ఒడ్డిన, పడబోవు అను రెండు విశేషణ రూపములలో ఈ నియమమంతయు ఇమిడియున్నది. భూతకాలమున నిశ్చితమైనది ఏది, ఇంకను రావలసినది ఏది యను వివేకమును మన ధాతుజ విశేషణములు ప్రతి వాక్యమునందును పలుకుచునే యున్నవి. ఇంగ్లీషు గ్రంథములలో ఈ నియమమును పాటించు ప్రక్రియకు అడాప్టెడ్ అని పేరు. ఆ మాటకు లోకమున గల అర్థము, అనగా అనువుగ చేయబడినదను అర్థము, విద్యార్థికి దారి చూపదు. దీనిని అనాగతానపేక్షము అనవచ్చునని నా సూచన. అనగా ఇంకను రానిదానిపై ఆధారపడనిది. ఈ మాట సంస్కృతభవమగుటచేత కన్నడ, మలయాళ, హిందీ, వంగ భాషలలోను చెల్లును. ఐనను మాటకంటె వాక్యమే ముఖ్యము. పందెము ముందు, పాచిక వెనుక అని విద్యార్థి వ్రాసికొనినచో పారిభాషిక పదము ఏదైనను నష్టము లేదు.

నాలుగవది సిద్ధాంతములకు ముందు వచ్చు నియమముల సంగతి. ఇటో సమాకలని మార్టింగేల్ అగునని విద్యార్థులు వ్రాయుదురు. అందులకు వర్గపు సగటు పరిమితమై యుండవలెనను నియమమును చేర్చుట మఱతురు. అది లేనిచో స్థానిక మార్టింగేల్ అని మాత్రమే చెప్పుటకు వీలుగలదు. ఆ నియమమెందులకో తెలియనిచో దానిని గుర్తుంచుకొనుట కష్టము. తెలిసినచో మఱచుట కష్టము. మార్టింగేల్ అనగా న్యాయమైన జూదము: ఇంతవరకు జరిగినదంతయు ఎఱిగియున్నను, రేపటి సొమ్మునకు నేడు కట్టదగిన సగటు నేటి సొమ్మే. ఒక జూదరి ఒక రూపాయి ఒడ్డెను. ఓడినచో రెండు, మరల ఓడినచో నాలుగు, ఇట్లు రెట్టింపు చేయుచు పోవును. గెలిచిన వెంటనే ఆట మానును. ఎన్నడో ఒకనాడు గెలుచుట నిశ్చయము; గెలిచినప్పుడు అతనికి మిగులునది సరిగ ఒక రూపాయి. ప్రతి ఆటయు న్యాయమైనదే. ఐనను మొత్తముమీద లాభము నిశ్చితము. ఇది యెట్లు? వరుసగ పది మారులు ఓడినచో అతడు పోగొట్టుకొనినది 1023 రూపాయలు. పదునొకండవ పందెము 1024 రూపాయలు. మేర లేని అప్పు పుట్టువానికి మాత్రమే ఆ లాభము నిశ్చితము. సిద్ధాంతమునకు ముందున్న నియమము ఆ అప్పునకు పెట్టిన హద్దు.

ఈ కథకును మార్టింగేల్ అను పదమునకును గల సంబంధము భాషావేత్తలకు రుచింపగలదు. ఫ్రెంచి భాషలో ఈ మాట గుఱ్ఱపు జీనుసామగ్రిలోని ఒక పట్టెడకును, ఓడిన కొలది పందెమును రెట్టింపు చేయు జూదపు యుక్తికిని పేరు. 1939లో జా వీల్ తన సిద్ధాంతగ్రంథమున దానిని గణితములోనికి తెచ్చెను. గణితమున అది న్యాయమైన జూదమునకు పేరైనది. పదచరిత్రయందు అది ఆ న్యాయమును తప్పించుకొనజూచు యుక్తికి పేరు. పరీక్షకు చదువు విద్యార్థికి ఈ పదచరిత్రను ఎవరైన చెప్పినచో నియమమును వేఱుగ వల్లెవేయ పని లేదు. దీనిని చెప్పవలసినవారు గణితాచార్యులా, భాషాచార్యులా? ఇట్టి విషయమున మనము చేతులు ముడుచుకొని కూర్చుండుట తగదు.

పారిభాషిక పదకోశములను నిర్మించుటతో మన పని ముగిసినదని భావించుట మనలో గల లోపము. 1961లో కేంద్ర ప్రభుత్వము శాస్త్ర సాంకేతిక పారిభాషిక పద సంఘమును ఏర్పఱచెను. 1968లో తెలుగు అకాడమి స్థాపింపబడినది. ఈ సంస్థల కృషిని తక్కువ చేయజాలము. సమితి, ప్రమేయము, అవధి, అవకలనము, సమాకలని వంటి మాటలు లక్షల విద్యార్థుల నోట నిలిచినవి. కాని మాటకు మాట చూపు కోశము ఒక మేరవఱకే తోడ్పడును. స్టొకాస్టిక్ అను పదమునే చూడుడు. గ్రీకున దానికి మూలము గుఱి యను అర్థముగల శబ్దము; గుఱి చూచుట, దానినుండి ఊహించుట యను అర్థములు పిమ్మట వచ్చినవి. 1713లో వెలువడిన యాకోబ్ బెర్నూలి గ్రంథమున ఊహాశాస్త్రమునకు ఈ పేరు వాడబడినది. మనము యాదృచ్ఛిక మనుచున్నాము. నిత్య వ్యవహారమున యాదృచ్ఛికముగ కలిసికొంటిమనగా కారణము లేకుండ, అనుకోకుండ అని అర్థము. శ్వేతాశ్వతరోపనిషత్తు జగత్కారణమును విచారించుచు కాలము, స్వభావము, నియతి యనువానితోపాటు యదృచ్ఛను వేఱుగ పేర్కొనినది. అచ్చట నియతి వేఱు, యదృచ్ఛ వేఱు. ఈ శాస్త్రమునందో ఒక్కొక్క అడుగు యదృచ్ఛ, అడుగుల సమూహము నియతి. కోశములో యాదృచ్ఛిక మని మాత్రమే చూచిన విద్యార్థి నియమము లేనిదని అర్థము చేసికొనును. ఈ భేదమును చెప్పు ఒక్క వాక్యము ఆ మాట ప్రక్కన నుండవలదా?

ఇంగ్లీషు పదములు స్వతస్సిద్ధముగ స్పష్టములను వాదమును కూడ అంగీకరింపజాలను. ఎక్స్‌పెక్టేషన్ అనగా ఎదురుచూచుట. పాచికను వేసినచో రాదగిన దాని ఎక్స్‌పెక్టేషన్ మూడున్నర. మూడున్నర పడునని ఎవరును ఎదురుచూడరు. అది ఎన్నడును పడదు. మన పల్లెలలో పాలు పోయువారు కూడ ఎఱిగిన సగటు అను మాట ఇచ్చట ఇంగ్లీషు మాటకంటె సత్యమునకు సన్నిహితము.

ఇంత సూక్ష్మమైన శాస్త్రమునకు ప్రపంచ భాష ఒక్కటే శరణమని చెప్పువారు చరిత్రను ఒకమారు చూడవలెను. ఇటో 1942లో తన మూలభావములను తొలిసారిగ ప్రకటించినది జపాను భాషలో. సైక్లోస్టైలు ప్రతులుగ వెలువడుచుండిన ఒక గణిత పత్రికలో. అప్పుడతడు ప్రభుత్వ గణాంక కార్యాలయమున ఉద్యోగి. సమాకలనిని గూర్చిన ఇంగ్లీషు వ్యాసము 1944లోను, అమెరికా గణిత సంఘము ప్రచురించిన విపుల రచన 1951లోను వచ్చినవి. అతడు కొల్మొగొరొవ్, లెవీ మున్నగువారి గ్రంథములను పరభాషలలో చదివినవాడే. పరభాషలను త్రోసిపుచ్చినవాడు కాడు. కాని చదివినదానిని తన భాషలో వ్రాసి నిలుపుకొనిన పిదప ప్రపంచమునకు అందించెను. మొదట లోపల కుదిరినది తరువాత వెలికి వచ్చినది. ఈ క్రమమును మనము పరీక్షార్థులకు ఏల నిరాకరింపవలెను?

ఇటోకును మన దేశమునకును ప్రత్యక్ష సంబంధము గలదు. అతడు బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో చేసిన ఉపన్యాసములు 1960లో ప్రకటింపబడినవి. వానిని గ్రంథరూపమున పొందుపఱచినవారు కె. మురళీధరరావుగారు. మద్రాసులోను, కలకత్తా భారతీయ సంఖ్యాశాస్త్ర సంస్థలోను చదివిన ఎస్. ఆర్. ఎస్. వరదన్‌గారు స్ట్రూక్‌తో కలిసి 1969లో ప్రకటించిన మార్టింగేల్ సమస్యా సిద్ధాంతము ఈ శాస్త్రమును క్రొత్త పునాదిమీద నిలిపినది. 2007లో వారికి ఆబెల్ బహుమానము లభించినది. 2018లో రాజీవ కరందికర్, బి. వి. రావుగార్లు ఈ విషయముపై పాఠ్యగ్రంథమును వెలువరించిరి. శాస్త్రజ్ఞులు మనవారు, ఉపన్యాసములు మన నేలమీదివి, గ్రంథములు మనవారివి. కాని ఆ గ్రంథములు ఇంగ్లీషున నున్నవి.

తెలుగువారికి ఇది క్రొత్త పని కాదు. పదునొకండవ శతాబ్దమున పావులూరి మల్లన మహావీరాచార్యుని సంస్కృత గణితసార సంగ్రహమును తెలుగు పద్యములలోనికి తెచ్చెను. కవిత్రయ భారతము పూర్తికాక మునుపే గణితము తెలుగున పలికినదని మన సాహిత్య చరిత్రకారులు ప్రతి తరగతిలోను గర్వముతో చెప్పుదురు. ఆ గర్వము గతమునకే పరిమితమైనచో దానివలన ప్రయోజనము స్వల్పము.

ఇక ఆక్షేపణములు. పరీక్షకు ముందు కాలము తక్కువ. వచనము వ్రాయుచు కూర్చున్నచో లెక్కలు చేయుటెప్పుడు? ఇది మొదటిది. లెక్కలు చేయక తీరదు. వచనము వానికి ప్రత్యామ్నాయము కాదు. కాని నిర్వచనములు, ముఖ్య సిద్ధాంతములు కలిపి ఈ పత్రమున మొదట వ్రాసికొనవలసినవి ఇరువదిని మించవు. ఒక్కొక్కదానికి ఒక పుట చాలును. మూసలను వల్లెవేయుటకు పట్టు కాలముకంటె అది అధికము కాదు. రెండవది, పరిశోధన యంతయు ఇంగ్లీషున జరుగుచుండగా ఈ శ్రమ ఎందులకని. పరిశోధన పత్రము లోకము కొఱకు వ్రాయబడును; పరీక్షకు సిద్ధమగుట తన కొఱకు చేయబడును. తనకు తాను చెప్పికొనుటకు పరభాష అవసరము లేదు. సంకేతములును, ఇటో, మార్టింగేల్ వంటి పేర్లును యథాతథముగ నుండవచ్చును. వానిని కలుపు వాక్యములే మనవి కావలెను. మూడవ ఆక్షేపణము కొంత బలమైనది: వచనము సొగసుగ నున్నను గణితము తప్పు కావచ్చును. నిజమే. మూల చదరముల మొత్తము కాలమునకు సమానమనుట సులభము. ఏ అర్థమున ఆ మొత్తము అవధిని చేరునో నిరూపించుట వేఱు. కావుననే ఈ వచనమును భాషావేత్త ఒక్కడే దిద్దరాదు. గణితవేత్త తప్పక చూడవలెను.

2023 ఏప్రిల్ నెలలో విశ్వవిద్యాలయ నిధుల సంఘము, బోధన ఇంగ్లీషున జరుగు పాఠ్యక్రమములలో సయితము విద్యార్థులు స్థానిక భాషలలో పరీక్ష వ్రాయుటకు అనుమతింపవలసినదని విశ్వవిద్యాలయములను కోరినది. అనుమతి మంచిదే. కాని ఏడాది పొడవున తెలుగున ఒక్క వివరణమైనను చదువని విద్యార్థికి పరీక్షనాడు తెలుగున వ్రాయవచ్చునని చెప్పుట ఈత నేర్పక ఏటిలో దిగుమనుట వంటిది. అతడు ఆ అనుమతిని వినియోగించుకొనడు. వినియోగించుకొనలేదు కావున అక్కఱ లేదని మఱునాడు తీర్మానింతురు. ఈ విధముగ మన భాషలు ఉన్నత శాస్త్రమునకు పనికిరావను అభిప్రాయము మరల స్థిరపడును. మన ఎదుట నున్న ప్రమాదమిది.

కావున భాషాశాఖలకు మూడు పనులను సూచించుచున్నాను. మొదటిది: పదకోశములలో ప్రతి గణిత పదమునకును ఒక సంపూర్ణ వాక్యమును, ఆ పదముతో పొరపడదగిన మఱియొక పదమును చేర్చవలెను. రెండవది: గణితశాఖతో కలిసి ఏటేట ఒక పాఠ్యాంశమునకు, ముప్పది పుటలు మించకుండ, సంకేతములను పరిమితముగ వాడిన వివరణ వచనమును సిద్ధపఱచి విద్యార్థుల చేతికి ఇయ్యవలెను. సైక్లోస్టైలు ప్రతులలో ఒక శాస్త్రమే పుట్టినప్పుడు మన వివరణములకు చక్కని అచ్చు దొరకలేదని వెనుదీయ నక్కఱలేదు. మూడవది: ప్రతి ప్రశ్నపత్రమునందును ఒక ప్రశ్న, ఒక సిద్ధాంతమును సంకేతములు లేకుండ విద్యార్థికి ఇష్టమైన భారతీయ భాషలో వివరింపుమని యుండవలెను. దానిని గణితాచార్యుడు సత్యము కొఱకును, భాషాచార్యుడు స్పష్టత కొఱకును కలిసి దిద్దవలెను.

తమిళ, కన్నడ, మరాఠీ, వంగ, హిందీ శాఖలలోని సహాధ్యాపకులు కూడ ఇట్టి వివరణములను తమ తమ భాషలలో వ్రాయించి ఒకరికొకరు పంపుకొనినచో, ఒకే సిద్ధాంతము ఏయే భాషలో ఏ ఉపమానముతో సుబోధమగునో పోల్చి చూచు అవకాశము కలుగును. తులనాత్మక సాహిత్యమునకు అదియు ఒక క్షేత్రమే. ఇటో సూత్రముతో ప్రారంభింతము. దానికి కావలసినది ఒక పెరడు, నాలుగు మూలలు, కంపించు ఒక భుజము మాత్రమే.